ఆకాశంలో ఆరేళ్ల బడి

నిరుడు రిటైరయ్యే వారం ఛార్జి అప్పగించడానికి స్టాకు రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. ముప్పై ఏళ్లకు పైగా భౌతికశాస్త్రం చెప్పినవాడు అప్పగించాల్సిన సామాను చాలానే ఉంటుంది. కుంభాకార కటకాలు ఆరు, అందులో ఒకటి అంచు విరిగినది. దండయస్కాంతాలు నాలుగు జతలు. స్ప్రింగు త్రాసు ఒకటి. ఒక్కొక్కటి చూసి టిక్కు పెడుతూ పోతుంటే ఒక పేజీ దగ్గర చెయ్యి ఆగింది. డిష్ ఆంటెన్నా – 1. రంగుల టీవీ – 1. రిసీవరు – 1. యూపీఎస్, బ్యాటరీలతో సహా – 1. ఎదురుగా రిమార్కుల గడిలో ఏటేటా తనిఖీనాడు రాసిన రాతలున్నాయి. మొదటి రెండేళ్లు "బాగున్నది". తర్వాత ఒక ఏడాది "రిపేరులో ఉన్నది". ఆ తర్వాత వరసగా, నలుగురు హెడ్మాస్టర్ల చేతిరాతల్లో ఒకటే మాట: "పని చేయుటలేదు".

ఆ పేజీ తిప్పబుద్ధి కాలేదు. తలుపు దగ్గరగా వేసి మేడ మెట్లెక్కాను. డిష్ ఇంకా అక్కడే ఉంది. తెల్ల రంగు పొలుసులుగా లేచిపోయింది. ముందుకు చాచిన కడ్డీ చివర ఉండాల్సిన ఎల్ఎన్‌బీ లేదు, దాని చోట కందిరీగలు మట్టి గూడు కట్టుకున్నాయి. కేబులు గోడ వెంట కొంత దూరం దిగి, మధ్యలోనే తెగి ఉంది. డిష్ మొహం మాత్రం తిప్పినవాడు తిప్పిన చోటే ఉంది. దక్షిణానికి, కాస్త పడమరకు వాలి, నడినెత్తికి దగ్గరగా చూస్తోంది. బిగించినవాడు నట్లు గట్టిగానే బిగించాడు.

ఊళ్లో అందరూ దాన్ని ఎడ్యుశాట్ డిష్ అనేవారు.

2004 సెప్టెంబరు 20, సోమవారం. బడి వదిలే వేళకు నలుగురు టీచర్లం బస్టాండు దగ్గర టీ హోటల్లో దూరదర్శన్ పెట్టించుకుని నిలబడ్డాం. సాయంత్రం 4 గంటల 1 నిమిషానికి శ్రీహరికోటలో జీఎస్ఎల్‌వీ–ఎఫ్01 లేచింది. పులికాట్ సరస్సుకు అవతల, ఒకప్పుడు యానాదులు బతికిన దీవి అది. వాళ్లను లేపి కట్టిన కేంద్రం నుంచి, దేశంలోని పేదపిల్లల చదువు కోసమని, ఎడ్యుశాట్ అనే 1,950 కిలోల ఉపగ్రహం పైకి పోయింది. అప్పటిదాకా మన నేల మీంచి మన రాకెట్టు మోసినవాటిలో అంత బరువైనది లేదు. పదిహేడు నిమిషాల తర్వాత అది రాకెట్టు నుంచి విడివడిందని చెప్పగానే హోటలాయన చక్కెర ఎక్కువేసి అందరికీ ఇంకో టీ ఇచ్చాడు, డబ్బులొద్దన్నాడు. నా కళ్లు తడిశాయి. పక్కనున్న లెక్కల సారు చూసి, ఏమైంది సార్ అన్నాడు. ఏమీ లేదన్నాను. చెప్పాలంటే నా పన్నెండో ఏటికి వెళ్లాలి.

మాది కర్నూలు జిల్లా. 1975లో నేను ఏడో తరగతి. ఆ ఎండాకాలం మా ఊరికి ఒక లారీ వచ్చింది. దిగినవాళ్లు పంచాయతీ కట్టడం పక్కన పది అడుగుల గొడుగును తిరగేసి నిలబెట్టారు. గొడుగుకు గుడ్డ లేదు, కోళ్లగూటికి కొట్టే ఇనుప వల ఉంది. లోపల గదిలో చెక్కపెట్టె లాంటి టీవీ. దాన్ని హైదరాబాదులో ఈసీఐఎల్ వాళ్లు చేశారని తర్వాత తెలిసింది. అప్పటికి మా ఊళ్లో టీవీ చూసినవాడు ఒక్కడూ లేడు. సినిమా చూసినవాళ్లే తక్కువ.

దాని పేరు సైట్. అమెరికా వాళ్ల ఏటీఎస్–6 అనే ఉపగ్రహాన్ని ఏడాది పాటు అడిగి తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు నేరుగా పాఠాలు పంపిన ప్రయోగం. విక్రమ్ సారాభాయ్ 1969లో నాసాతో ఒప్పందం రాసుకున్నాడు, 1971 డిసెంబరులో పోయాడు. తాను కన్న కల మా పంచాయతీ గదిలో వెలగడం ఆయన చూడలేదు. అహ్మదాబాదులో యశ్‌పాల్, ఆయన వెంట పనిచేసినవాళ్లు ఆ పని నెత్తికెత్తుకుని పూర్తి చేశారు. అప్పటి మన రాష్ట్రంలో కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్, హైదరాబాదు జిల్లాల పల్లెలకు ఆ అదృష్టం దక్కింది. ఆగస్టు 1న మొదలైంది. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం ఊరందరికీ.

ఆ ఇనుపవల గొడుగు పడమటికి చూసేది. ఉపగ్రహం తూర్పు ఆఫ్రికాకు పైన నిలిచి ఉండేదట, అందుకని. మాకు అదేమీ తెలియదు. పొద్దు గూకే వైపు నుంచి బొమ్మ వస్తుందనుకునేవాళ్లం. మా జేజి రోజూ సాయంత్రం గదిలోకి వచ్చేముందు ఆ గొడుగు వైపు తిరిగి దండం పెట్టి, చెప్పులు బయట విడిచి వచ్చేది. వేరుశనగకు తెగులు మందు గురించి, పసిపిల్లలకు పెట్టే గంజి గురించి, తెలుగులో ఎవరో ఒకరు మాట్లాడేవారు. జేజి తల ఊపుతూ వినేది. ఒక రోజు తెర మీది మనిషి నీళ్లు కాచి తాగాలన్నాడు. "కట్టెలెక్కడివి నాయనా?" అని జేజి గట్టిగానే అడిగింది. ఆయన తన పాటికి తాను మాట్లాడుకుంటూ పోయాడు. జేజి నా వైపు తిరిగి, "వినపడలేదేమో, నువ్వు చెప్పు" అంది.

1976 జూలై 31న బొమ్మ ఆగిపోయింది. గడువు ఏడాదేనని పెద్దవాళ్లకు ముందే తెలుసు. ఉపగ్రహం తిరిగి పడమటికి, తన దేశం వైపు వెళ్లిపోయింది. మర్నాడు కూడా మేము పిల్లలం వెళ్లి కూర్చున్నాం. పెట్టె తలుపులు తీసి ఉన్నాయి, తెర బూడిదరంగులో గరగర మంది. నాలుగైదు రోజులు అలాగే వెళ్లాం. జేజి మాత్రం ఆ తర్వాత చాలాకాలం ఆ వల గొడుగు దాటేటప్పుడు చెప్పులు చేత పట్టుకునే నడిచేది.

సారాభాయ్ కల ఆ రోజుతో పోలేదు. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంలో అదే మొదటిది. జి. రాంరెడ్డి గారు దాన్ని నిలబెట్టి, ఢిల్లీ వెళ్లి ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ పునాది వేశారు. పోస్టులో వచ్చే పాఠాలు, రేడియోలో పాఠాలు, ఆదివారం కాంటాక్టు క్లాసులు. ఆర్టీసీ కండక్టర్లు, పెళ్లై చదువు ఆగిపోయిన ఆడవాళ్లు, మా ఊరి పోస్టుమాస్టరు అలాగే డిగ్రీలు తెచ్చుకున్నారు. అది గెలుపు కథ, వేరేగా చెప్పుకోవాలి. నా మనసులో ఉన్న లోటు మాత్రం ఒక్కటే. పాఠం వస్తుంది. మా ఊరి నుంచి తిరిగి ఒక్క మాటా పోదు. జేజి అడిగిన కట్టెల ప్రశ్న అట్లాగే ఉంది.

అందుకే ఎడ్యుశాట్ గురించి చదివినప్పుడు నాకు మిగతాదంతా చిన్నదిగా కనిపించింది. ఇందులో మాట తిరిగి పోతుందన్నారు! స్టూడియోలో పంతులు, వందల ఊళ్లలో తరగతి గదులు. గదిలోంచి పిల్ల అడిగితే పంతులికి వినపడుతుంది, కనపడుతుంది. ఆయన చెప్పే జవాబు అడిగిన గదికే కాదు, అన్ని గదులకూ పోతుంది.

ఆ ఏర్పాటు గురించి కాస్త చెప్పాలి, అది తెలిస్తేగానీ ఏం పోగొట్టుకున్నామో తెలియదు. ఎడ్యుశాట్ 74 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 36 వేల కిలోమీటర్ల ఎత్తున నిలిచింది. కర్ణాటకలో హసన్ నుంచి దాన్ని కనిపెట్టుకుని ఉండేవారు. దాంట్లో పన్నెండు ట్రాన్స్‌పాండర్లు. కేయూ బ్యాండులో దేశమంతటా పడే పెద్ద వెలుగు ఒకటి, ప్రాంతానికొకటి చొప్పున చిన్న వెలుగులు అయిదు, మిగిలిన ఆరూ ఎక్స్‌టెండెడ్ సీ బ్యాండువి. ప్రాంతానికొక వెలుగు అన్నదే అసలు తెలివి. దక్షిణాది వెలుగు దక్షిణాదికే పడుతుంది, కాబట్టి ఏ రాష్ట్రం పాఠం ఆ రాష్ట్రం భాషలో, దాని సిలబస్సులో చెప్పుకోవచ్చు. ఢిల్లీ నుంచి హిందీలో వచ్చే పాఠానికి మా పిల్లలు ఎదురు చూడక్కర్లేదు. మొదట మూడు విశ్వవిద్యాలయాలతో మొదలుపెట్టారు. కర్ణాటకలో విశ్వేశ్వరయ్య, మధ్యప్రదేశ్‌లో రాజీవ్‌గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయం, మహారాష్ట్రలో యశ్వంత్‌రావ్ చవాన్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. తర్వాత కర్ణాటక చామరాజనగర్ జిల్లాలో చిన్నపిల్లల బళ్లకూ తీసుకుపోయారు.

రెండు వైపులా మాట్లాడే ఆ గదిలో నేను ఒకే ఒక్కసారి కూర్చున్నాను. జిల్లా కేంద్రంలో టీచర్లకు శిక్షణ. గోడకు తెర, బల్ల మీద మైకు, కిటికీ రెక్క మీద చిన్న కెమెరా. స్టూడియోలో ఒక పెద్దాయన గురుత్వాకర్షణ చెబుతున్నారు. ప్రశ్నలున్నాయా అన్నారు. నేను మైకు దగ్గరికి వంగి, "సార్, భూమి తిరుగుతుంటే ఉపగ్రహం ఒకేచోట నిలిచి ఉంటుందంటే పిల్లలు నమ్మడం లేదు. ఎలా చూపించాలి?" అని అడిగాను.

అడిగాక గదిలో నిశ్శబ్దం. తెర మీద ఆయన మొహం మారలేదు. వినపడలేదేమోనని నా గుండె జారింది, కళ్ల ముందు జేజి మెదిలింది. అప్పుడు ఆయన కళ్లు కాస్త పైకి లేచాయి, నా వైపు చూశారు. నవ్వి, "మంచి ప్రశ్న మాస్టారూ" అన్నారు. నా మాట 36 వేల కిలోమీటర్లు పైకి పోయి, మళ్లీ అంత దూరం దిగి, ఆయన జవాబు అదే దారిన తిరిగి రావడానికి పట్టేది సుమారు అరసెకను. వెలుగుకైనా అంతకంటే తొందరగా వీలుకాదు. ఆ అరసెకనులో నేను ముప్పై ఏళ్లు దాటాను.

ఆయన చెప్పింది మర్నాడే మా బడి మైదానంలో చేశాను. ఒక పిల్లవాణ్ణి మధ్యలో నిలబెట్టి, చెయ్యి ముందుకు చాచి, ఉన్నచోటే నెమ్మదిగా చుట్టూ తిరగమన్నాను. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె, చురుకైనది, ముగ్గుతో గీసిన పెద్ద వలయం మీద పరుగెత్తాలి. ఆ చాచిన చెయ్యి ఎప్పుడూ తన వైపే ఉండేలా పరుగెత్తాలి. రెండు చుట్లు తిరిగేసరికి మధ్యలో పిల్లవాడు అరిచాడు: "సార్! అది కదల్లేదు, అక్కడే ఉంది!" వలయం మీద పిల్ల రొప్పుతూ, "నేను పరిగెత్తలేక చస్తున్నా, కదల్లేదంటాడేం సార్" అంది. పాఠం అయిపోయింది. ఇంక ఎవరికీ అనుమానం లేదు.

మా బడికి డిష్ ఆ తర్వాత వచ్చింది. పాఠం వచ్చే రోజు రెండు తరగతులు ఒకే గదిలో, కిటికీల్లో చిన్న తరగతుల పిల్లల తలకాయలు. తెర మీద హైదరాబాదు స్టూడియో నుంచి ఒక సారు కాంతి వక్రీభవనం చెప్పారు. నీళ్ల గ్లాసులో పెన్సిలు వంకరగా కనపడటం దగ్గరగా చూపించారు. మా బడిలో గ్లాసూ ఉంది, పెన్సిలూ ఉంది, కానీ అరవై మందికి ఒకేసారి అంత పెద్దగా చూపించే కన్ను లేదు. చివర ఆయన "అర్థమైందా పిల్లలూ?" అని అడిగి ఆగారు. గది గదంతా "అర్థమైంది సార్" అంది. అప్పుడు వలయం మీద పరుగెత్తిన ఆ పిల్ల చెయ్యెత్తింది.

టీవీ వైపే చూస్తూ చెయ్యెత్తింది. ఆయన పాఠం ముగించి వెళ్లిపోయారు, అక్షరాలు వచ్చాయి, తెర నీలంగా మారింది. చెయ్యి అలాగే ఉంది. నేను దగ్గరికెళితే మెల్లగా దించి, "సార్, ఆ సారుకి మనం కనపడతామా?" అంది.

మాది వినే డిష్ మాత్రమే. అడిగే డిష్ కాదు. ఆఫీసు భాషలో మాది ఆర్వోటీ, జిల్లా కేంద్రంలోది ఎస్ఐటీ. అడిగేదానికి ఖర్చు ఎక్కువ, అందుకని బళ్లకు వినేవి ఇచ్చారు. ఇస్రో లెక్కల ప్రకారం ఈ పథకం కింద 83 నెట్‌వర్కులు, 26 రాష్ట్రాలు, మూడు కేంద్రపాలిత ప్రాంతాల్లో 56,164 బళ్లు, కాలేజీలు కలిశాయి. అందులో అడగగలిగినవి 4,943. వినడానికి మాత్రమే వీలైనవి 51,221. పది గదులకు తొమ్మిది గదుల్లో చెయ్యెత్తితే చూసేవాడు లేడు. ఈ లెక్క చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. సైట్ నాటికి సాంకేతికత లేదు, జేజి ప్రశ్న గాల్లో కలిసిందంటే అర్థముంది. ముప్పై ఏళ్ల తర్వాత సాంకేతికత నెత్తి మీదే ఉంది. అయినా ఆ పిల్లకి నేను చెప్పగలిగింది జేజి నాతో చెప్పించాలనుకున్న మాట ఒక్కటే: నాకు చెప్పు, నేను రాసుకుంటాను.

నిజంగానే రాసుకున్నాను. వంద పేజీల నోటుపుస్తకం ఒకటి టీవీ బల్ల సొరుగులో పెట్టాను. పాఠం కాగానే పిల్లలు అడిగినవన్నీ అందులో ఎక్కించేవాణ్ణి. నాకు తెలిసినవి చెప్పేవాణ్ణి. తెలియనివి, జిల్లా కేంద్రానికి మళ్లీ పిలిచినప్పుడు ఆ మైకులో అడుగుదామని చుక్క పెట్టుకునేవాణ్ణి. "అద్దంలో కుడి ఎడమలు మారతాయి, తలకిందులు ఎందుకు కావు?" "మెరుపుకు ముందే ఉరుము ఎప్పుడైనా వినపడిందా?" "వానపడితే టీవీలో బొమ్మ ఎందుకు పోతుంది?"

ఆ చివరి ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. కేయూ బ్యాండు అల పొడవు రెండున్నర సెంటీమీటర్లు. జోరువాన చినుకులు దాన్ని మింగేస్తాయి. బళ్లు తెరిచేది జూన్‌లో, వానలు మొదలయ్యేదీ జూన్‌లోనే. మొదటి సమస్య అది, కానీ అది దేవుడిచ్చింది, ఓర్చుకున్నాం. మిగిలినవి మనుషులిచ్చినవి.

పాఠం పదకొండింటికి వస్తే కరెంటు పదిన్నరకు పోయేది. అందుకే యూపీఎస్ ఇచ్చారు. రెండో ఏడు బ్యాటరీలు ఉబ్బాయి. కొత్తవి కొనడానికి ఏ పద్దులో డబ్బుందో ఎవరికీ తెలియదు. ల్యాబు నిధి ల్యాబుకే, మరమ్మతుల నిధి గోడలకే. మేము సిలబస్సులో ముందుకు పోతే తెర మీది పాఠం వెనక ఉండేది, మేము వెనకబడితే అది ముందుండేది. టీవీ విలువైన సామాను కనుక బీరువా గదిలో పెట్టి తాళం వేయాలన్నారు. ఇది నేను ఎవరినీ తప్పు పట్టి చెప్పడం లేదు. పోతే జీతంలో కోస్తారన్న భయం ప్రతి హెడ్మాస్టరుకూ ఉంటుంది. రిజిస్టరులో సంతకం పెట్టినవాడికి వస్తువు వాడటం కంటే అది ఉండటం ముఖ్యం. తాళంచెవి ఉన్న అటెండరు సెలవు పెట్టిన రోజు పాఠం లేదు. ఒక గాలివానకు డిష్ కాస్త పక్కకు తిరిగింది. వేలెడు తిరిగితే చాలు, 36 వేల కిలోమీటర్ల దూరాన అది ఖాళీ ఆకాశాన్ని చూస్తుంది. కంపెనీ వాళ్ల నిర్వహణ గడువు అయిపోయింది. ఉత్తరాలు రాశాం. జవాబుగా ఒక ఫారం వచ్చింది. నింపి పంపాం.

చివరికి నేనే ఒక ఆదివారం కేబుల్ టీవీ కుర్రాణ్ణి తీసుకొచ్చి డిష్ మళ్లీ కూర్చోబెట్టించాను. రిజిస్టరులో ఈ సంగతి లేదు. అతను నట్లు బిగించి, సిగ్నలు సరిచూసి, దాని మొహం తుడిచి వెళ్లాడు. మూడు వారాలు బొమ్మ వచ్చింది. తర్వాత రిసీవరు కాలిపోయింది.

అప్పటికి పైన ఉపగ్రహం బతికే ఉంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. మేము వినడం మానేశాక కూడా అది పిలుస్తూనే ఉంది. రాత్రింబగళ్లు, సెలవుల్లో కూడా, 74 డిగ్రీల దగ్గర నిలిచి మా మేడ మీద వెలుగు పోస్తూనే ఉంది. ఆ వెలుగు కందిరీగల గూటి మీద పడింది.

పథకాన్ని మూడు అంచెలుగా వేశారు. మొదట ప్రయోగం, తర్వాత కొంత విస్తరణ, ఆపైన పూర్తిస్థాయి. మొదటి అంచెలో ఇస్రో చెయ్యి పట్టుకు నడిపించింది. చివరి అంచెకు డబ్బూ, పాఠాలూ, మనుషులూ రాష్ట్రాలు, విద్యాసంస్థలు సమకూర్చుకోవాలి. ఆకాశంలో ఉన్నదానికి హసన్‌లో రాత్రంతా మేల్కొని కూర్చునే ఇంజనీరు ఉన్నాడు. అది వెంట్రుకవాసి పక్కకు జరిగితే వెంటనే చిన్న ఇంజను వెలిగించి మళ్లీ చోటికి తెచ్చేవాడు. మేడ మీద ఉన్నదానికి ఎవరున్నారు? 2013లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక ఇదే సంగతి సర్కారు భాషలో చెప్పింది. నెట్‌వర్కులు ఏర్పాటు చేయడంలో ఆలస్యాలు, సరిపడా పాఠాలు తయారుకాకపోవడం, పెట్టినవి పనిచేయకుండా పడి ఉండటం. ఆ నివేదిక వచ్చేనాటికి ఉపగ్రహం పోయి మూడేళ్లు.

దాని ఆయుష్షు ఏడేళ్లని లెక్కేశారు. ఆరు నిండగానే, 2010 సెప్టెంబరులో, సేవల నుంచి తప్పించారు. వెనక దాని చోటు నింపే ఉపగ్రహం అందుబాటులో లేదు. అదే శ్రీహరికోట నుంచి 2006 జూలై 10న లేచిన ఇన్శాట్–4సీ, 2010 ఏప్రిల్ 15న జీశాట్–4, ఆ ఏడాదే డిసెంబరు 25న జీశాట్–5పీ, మూడూ రాకెట్లు విఫలమై సముద్రం పాలయ్యాయి. ఆ రోజుల్లో దేశంలో ట్రాన్స్‌పాండరు దొరకడమే గగనం. ఎడ్యుశాట్ మీద నడుస్తున్న నెట్‌వర్కులను వేరే ఉపగ్రహాలకు మార్చాలి. అంటే వేల మేడల మీదికి ఎవరో ఒకరు ఎక్కాలి, డిష్‌లు తిప్పాలి, రిసీవర్లలో అంకెలు మార్చాలి. కొన్ని చోట్ల ఎక్కారు. 2011 జూలైలో జీశాట్–12 వచ్చి కొంత భారం మోసింది. చాలాచోట్ల ఎవరూ ఎక్కలేదు. మా ఊళ్లాంటి చోట్ల ఎక్కి చేసేదీ లేదు.

ఉపగ్రహం చావడం మనం అనుకునేలా ఉండదు. అంత ఎత్తున ఉన్నది నేలకు రాలదు. మిగిలిన చివరి ఇంధనంతో దాన్ని ఇంకొన్ని వందల కిలోమీటర్లు పైకి నెట్టి, బతికున్నవాటి దారికి అడ్డం లేకుండా చేసి, గొంతు ఆపేస్తారు. ఎడ్యుశాట్‌నూ అట్లాగే పైకి పంపారు. మా చిన్నప్పటి ఏటీఎస్–6నూ 1979లో అట్లాగే పంపారు. రెండూ ఇప్పటికీ మన నెత్తిన తిరుగుతూనే ఉన్నాయి, ఎప్పటికీ తిరుగుతూనే ఉంటాయి. ఇది తెలిస్తే మా జేజి చెప్పులు మళ్లీ చేతికి తీసుకునేదేమో.

2020లో కరోనా వచ్చి బళ్లు మూసినప్పుడు అందరికీ ఒక్కసారిగా దూరపు చదువు గుర్తొచ్చింది. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ–శాట్ ఛానెళ్లలో పాఠాలు మొదలయ్యాయి. మాకూ టీవీలో వచ్చాయి. అందరూ ఫోన్లన్నారు. ఇంట్లో ఒకటే ఫోను, అది నాన్న జేబులో పొలానికి పోయేది. సిగ్నలు కోసం గుట్ట ఎక్కి కూర్చున్న పిల్లల్ని నేను కళ్లారా చూశాను. అప్పుడు ఒక రోజు మేడ మీదికి వెళ్లి ఆ డిష్ పక్కన నిలబడ్డాను. పదేళ్ల ముందు దీన్ని కాపాడుకుని ఉంటే, దీనికి అడిగే గొంతు కూడా ఇచ్చి ఉంటే, ఆ పిల్లలు గుట్ట ఎక్కక్కర్లేదని నా నమ్మకం. ఊరికి ఒక గది, గదికి ఒక మైకు, దూరం దూరంగా పదిమంది పిల్లలు. అంతే కదా కావాల్సింది. ఇది అత్యాశ అన్నవాళ్లతో వాదించలేదు. ఆ అరసెకను వాళ్లకు తెలియదు.

మేడ దిగి వచ్చేసరికి కొత్తగా ఛార్జి తీసుకునే మేడమ్ గారు వచ్చి కూర్చున్నారు. చిన్న వయసు, ఎంఎస్సీ ఫిజిక్సు. ఒక్కొక్క వస్తువూ చూపించాను. కటకాల దగ్గర విరిగిన అంచు ముట్టుకుని చూశారు. డిష్ పేజీ రాగానే, "ఇది కండెమ్ చేయించలేదా సార్?" అని అడిగారు. మూడుసార్లు రాశామమ్మా, కమిటీ రావాలి అన్నాను. సరేలెండి, ఉన్నది ఉన్నట్టు రాయండి అన్నారు.

గడిలో చోటు కొంచెమే మిగిలింది. నలుగురి రాతల కింద నా చేతిరాతలో "పని చేయుటలేదు" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. ఆమె కింద సంతకం పెట్టారు. తర్వాత టీవీ బల్ల సొరుగు తెరిచి ఖాళీగా ఉందని చూపించబోతే, నోటుపుస్తకం అందులోనే ఉంది. చెదలు అట్ట అంచు తిన్నాయి, లోపలి కాగితాలు బాగున్నాయి. చుక్క పెట్టిన ప్రశ్నలు లెక్కపెట్టాను. నలభై ఒకటి. మొదటి పేజీలో మొదటిది ఆ పిల్ల అడిగినదే.

రిజిస్టరంతా వెతికారు ఆమె, అది ఎక్కడా ఎక్కించి లేదు. అప్పగించక్కర్లేదు సార్, మీరే తీసుకెళ్లండి అన్నారు. సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.